డ్రమ్ కోర్ ట్రంపెట్‌లో పై స్వరాలు: ఆడిషన్ నుంచి ఆగస్టు దాకా నిలిచే పద్ధతి

"మా అబ్బాయి హై సి దగ్గరే ఆగిపోతున్నాడు, ఏం చేయాలి?" "డబుల్ సి పలకాలంటే ఏ మౌత్‌పీస్ కొనాలి?" చలికాలం వచ్చి ఆడిషన్లు దగ్గరపడితే చాలు, డాలస్ నుంచీ న్యూజెర్సీ నుంచీ తెలుగు తల్లిదండ్రులు అడిగేవి ఈ రెండే. నేను రెండు వేసవులు డ్రమ్ కోర్‌లో (బ్రాస్ వాయిద్యాలు, డ్రమ్ములతో మైదానంలో కవాతు చేస్తూ షో ఇచ్చే బృందం) ట్రంపెట్ వాయించాను. ఇప్పుడు శని, ఆదివారాల్లో హైస్కూల్ పిల్లలకు నేర్పుతున్నాను. ఒక్కొక్కరికీ విడిగా చెప్పి అలసిపోయి, అంతా ఒకచోట రాస్తున్నాను. పిల్లలకు తెలుగు చదవడం రాకపోతే పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించండి. ట్రంపెట్ చేతిలో ఉంటే ఇంకా మంచిది.

ఇక్కడ చెప్పేది ఇప్పటి కోర్లు వాడే బి-ఫ్లాట్ ట్రంపెట్ గురించి. పాత జి బ్యూగుల్ చేతిలో ఉన్నవాళ్ళకు స్వరాల లెక్క మారుతుంది, పద్ధతి మారదు. స్వరాల పేర్లన్నీ కాగితం మీద రాసినట్టే తీసుకోండి. హై సి అంటే స్టాఫ్ (స్వరాలు రాసే ఐదు గీతలు) పైన రెండో అదనపు గీత మీద ఉండే సి. డబుల్ సి దానికి ఒక స్థాయి (ఆక్టేవ్) పైన ఉంటుంది.

1. మీకు నిజంగా ఉన్న స్వరం ఏదో ముందు కొలవండి

ప్రతి ట్రంపెట్ వాయిద్యకారుడికీ మూడు హద్దులుంటాయి. ఎప్పుడో ఒక మంచిరోజు పలికింది ఒకటి, గదిలో రోజూ పలికేది ఒకటి, మైదానంలో పలికేది ఒకటి. ఫ్రెండ్స్‌కి చెప్పుకునేది మొదటిది. కోర్‌కి కావాల్సింది మూడోది.

గదిలో మీ హద్దు తెలియాలంటే ఇలా చేయండి:

- పదిహేను నిమిషాలు వార్మప్ చేయండి.
- స్టాఫ్ మీద కూర్చున్న జి నుంచి స్కేల్‌లో ఒక్కో స్వరం పైకి వెళ్ళండి. ప్రతి స్వరాన్నీ మామూలు శబ్దంతో నాలుగు లెక్కలు పట్టి ఉంచండి.
- మూడు ప్రయత్నాల్లో మూడుసార్లూ శుభ్రంగా పలికిన చివరి స్వరాన్ని రాసుకోండి.
- ఇదే వరసగా మూడు రోజులు చేయండి. మూడింట్లో తక్కువ వచ్చినదే మీ గది హద్దు.

అందులోంచి రెండు స్వరాలు తీసేస్తే మైదానం హద్దు వస్తుంది. ఆడిషన్ ప్యాకెట్‌లో (ఆడిషన్‌కి సాధన చేయమని ఇచ్చే సంగీతంలో) పై స్వరం డి అయితే గదిలో ఎఫ్ దాకా తేలిగ్గా పలకాలి. ఈ రెండు స్వరాల తరుగు నా అనుభవంలోంచి వచ్చిన లెక్కే. కొత్తవాళ్ళకు మూడు కూడా పోతాయి.

డబుల్ సి గురించి ఒక్కమాట చెప్పి వదిలేస్తాను. సెక్షన్‌కి (కోర్‌లోని ట్రంపెట్ జట్టుకి) కావాల్సింది హై సి, దానిపైన డి, ఇ లు ఎండలో, పరుగులో, పదో నిమిషంలో కూడా గట్టిగా పలికేవాళ్ళు. అంతకన్నా పైన స్వరాలు సాధారణంగా సోలోకో, షో చివర ఒకరిద్దరు వాయించే భాగానికో మాత్రమే రాస్తారు. ఇ నిలబడకుండానే డబుల్ సి వెనక పడితే పునాది పోయకుండా మేడ కట్టినట్టే.

2. సామాను సర్దుకోండి

మౌత్‌పీస్ గురించే అందరూ ఎక్కువ అడుగుతారు కాబట్టి దానితో మొదలుపెడదాం. కప్పు లోతు తక్కువగా ఉన్న లీడ్ మౌత్‌పీస్ (లీడ్ అంటే సెక్షన్‌లో అన్నిటికన్నా పై స్వరాలుండే భాగం), ఉదాహరణకు షిల్కీ 14ఎ4ఎ లాంటిది, పై స్వరాలకు సౌండ్‌లో మెరుపునిస్తుంది, అలసటను కొంచెం తగ్గిస్తుంది. లేని స్వరాన్ని మాత్రం తెచ్చిపెట్టదు. బాక్ 3సి లాంటి మామూలు మౌత్‌పీస్ మీద హై సి పలకనివాళ్ళకు లీడ్ మౌత్‌పీస్ కొనిస్తే వారం రోజులు సంబరం, ఆ తర్వాత మళ్ళీ అదే సి. పైగా పెదాలు మందంగా ఉన్నవాళ్ళకు లోతు తక్కువ కప్పులో పెదవి అడుగుకు తగిలి స్వరం చటుక్కున ఆగిపోతుంది.

మార్చాలనుకుంటే వసంతకాలం క్యాంపులకు ముందే మార్చండి. కొత్తదానికి కనీసం ఆరు వారాలివ్వండి. చాలా కోర్లు సెక్షన్ అంతా ఒకే మౌత్‌పీస్ వాడాలంటాయి. కొనే ముందు అది కనుక్కుంటే డబ్బు మిగులుతుంది.

మిగతా సామాను:

- ట్యూనర్, మెట్రోనోమ్ (ఫోన్‌లో ఉన్నవి చాలు)
- చెవి ప్లగ్గులు. ఇరవై ట్రంపెట్ల పక్కన, డ్రమ్ లైన్ ముందు రోజుకు పది గంటలు నిలబడాలి
- ఎండను ఆపే లిప్ బామ్. వాయించే ముందు తుడిచేయాలి, లేకపోతే మౌత్‌పీస్ జారుతుంది
- వాల్వ్ ఆయిల్, మౌత్‌పీస్ బ్రష్
- పళ్ళకు క్లిప్పులుంటే డెంటిస్ట్ ఇచ్చే మైనం

క్లిప్పులు వేయించుకున్న పిల్లలు, తీయించుకున్న పిల్లలు ఇద్దరూ మొదటి నెల పై స్వరాలు మరచిపోవాలి. క్లిప్పులు తీశాక తేలికవుతుందనుకుంటారు. పెదవికి పాత ఆనవాలు పోయి కొన్నాళ్ళు ఇంకా కష్టమవుతుంది. ఆడిషన్‌కి రెండు వారాల ముందు తీయించుకోవద్దని డెంటిస్ట్‌తో ముందే మాట్లాడుకోండి.

3. పైన ఏం జరుగుతోందో తెలుసుకోండి

రాసిన సి ని షడ్జమం అనుకోండి. వాల్వులేవీ నొక్కకుండా కింది సి నుంచి పైకి వెళితే వరసగా పలికేవి స, ప, స, గ, ప, ని, స. ఇక్కడికి హై సి వచ్చింది. ఆ పైన స, రి, గ, మ, ప అని దాదాపు మొత్తం స్కేల్ వాల్వు తాకకుండానే ఉంది. (మధ్యమం మాత్రం ఎఫ్‌కీ ఎఫ్-షార్ప్‌కీ మధ్య ఎక్కడో వేలాడుతుంది.)

కింద మెట్లు దూరందూరంగా ఉంటాయి కాబట్టి వేళ్ళు సరిగ్గా పడితే స్వరం దాదాపు అదే దొరుకుతుంది. హై సి దాటాక మెట్లు పక్కపక్కనే ఇరుక్కుని ఉంటాయి. డి కోసం వెళితే సి పలుకుతుంది, లేదా ఇ పలుకుతుంది. అక్కడ స్వరాన్ని నిర్ణయించేది వేలు కాదు, పెదవీ చెవీ. అందుకే ఈ మార్గదర్శిలో పదేపదే చెప్పబోయే మాట: ముందు పాడండి, తర్వాత వాయించండి. ఆ స్థాయిలో గొంతు పలకక్కర్లేదు, ఒక స్థాయి కింద పాడినా సరే. స్వరం బుర్రలో మోగకపోతే పెదవికి చిరునామా తెలియదు.

గాలి సంగతి కూడా ఇక్కడే. బి-ఫ్లాట్ ట్రంపెట్ హై సి సెకనుకు దాదాపు 932 సార్లు కంపిస్తుంది, డబుల్ సి 1865 సార్లు. పైకి వెళ్ళేకొద్దీ నోట్లో గాలి ఒత్తిడి పెరగాలి, కానీ బయటికి పోయే గాలి పరిమాణం తగ్గుతుంది. తోట గొట్టం చివర వేలు అడ్డం పెట్టి నీళ్ళు దూరం కొట్టడం గుర్తుచేసుకోండి. బకెట్లతో కుమ్మరించడం కాదు, సన్నటి ధార. "ఇంకా గాలి, ఇంకా గాలి" అని అరిచే టీచర్లు చెప్పేది సగమే నిజం.

4. గాలి

(అ) నిలబడి, భుజాలు వదిలేసి "హో" అన్నట్టు నోరు తెరిచి నాలుగు లెక్కలు గాలి తీసుకోండి, నాలుగు లెక్కలు వదలండి. తర్వాత మూడు తీసుకుని ఆరు, రెండు తీసుకుని ఎనిమిది, చివరికి ఒక్క లెక్కలో తీసుకుని ఎనిమిది. మైదానంలో మీకు దొరికేది ఆ ఒక్క లెక్కే.

(ఆ) లోపలికి వచ్చిన గాలి ఆగకుండా తిరగాలి. ఊయల పైకి వెళ్ళి కిందికి వచ్చినట్టు, మధ్యలో బిగింపు ఉండకూడదు. గాలి తీసుకుని, గొంతు మూసి, గుమ్మం దగ్గర ఆగినట్టు ఆగి, అప్పుడు ఒక్కసారిగా స్వరం మొదలుపెట్టడం పై స్వరాలకు పెద్ద శత్రువు. మీ వీడియో చూసుకోండి. స్వరానికి ముందు "క్" అని గొంతులో చిన్న చప్పుడు వస్తుంటే అదే ఇది.

(ఇ) పొట్ట కండరాలు స్వరంతో పాటు లోపలికీ పైకీ కదలాలి. ముందే రాయిలా బిగించి పెట్టుకోకూడదు.

గాలి నిండా పీల్చుకోవడం ఎప్పుడూ మంచిదేనా అంటే కాదు. రెండు లెక్కల పై స్వరానికి గొంతుదాకా నింపుకుంటే మిగిలిన గాలి లోపలే కుక్కి, బిగుసుకుంటారు. ఫ్రేజ్‌కి (ఒక సంగీత వాక్యానికి) ఎంత కావాలో అంతకు కొంచెం ఎక్కువ, అంతే.

5. పెదాలు, మౌత్‌పీస్ ఒత్తిడి

"మ" అని పలికి ఆగండి. పెదాలు తేలిగ్గా కలిసి ఉంటాయి, పళ్ళు కొంచెం విడిగా ఉంటాయి. అదే ఆరంభ స్థానం. ఇప్పుడు నోటి మూలలు మాత్రం గట్టిపడనివ్వండి. నవ్వినట్టు పక్కలకు లాగొద్దు. లాగితే పెదవి పలచబడి మొదట స్వరం వస్తుంది, పది నిమిషాలకే చచ్చుబడుతుంది. మూలలు గట్టి, మధ్య మెత్తన, గడ్డం చదునుగా.

ఇక ఒత్తిడి. మౌత్‌పీస్‌ని పెదవికి నొక్కి పైకి వెళ్ళడం అందరూ చేసే పనే, నేనూ చేశాను. రెండో వేసవిలో శిక్షణ మొదలైన రెండో వారం. సెక్షన్ లీడర్‌కి నా ఇ వినిపించాలని ఒక సాయంత్రం ముప్పావుగంట అదే ఫ్రేజ్ కొట్టాను. మర్నాడు పొద్దున అద్దంలో చూస్తే పై పెదవి మీద ఎర్రటి గుండ్రం, లోపల పంటి ముద్ర. మధ్యలో ఉన్న జి కూడా బుసబుసమంటూ గాలిగానే పోయింది. పది రోజులు సెక్షన్‌లో మూడో భాగం (కింది స్వరాలుండేది) వాయించాను. ఆ పది రోజుల్లో ఒక టీచర్ నా ఎడమచేయి చాపించి, అరచేయి మీద ట్రంపెట్ ఊరికే పడుకోబెట్టి, "ఇప్పుడు వాయించు" అన్నారు. పట్టుకోవడానికి వీల్లేదు. ఊదితే ట్రంపెట్ ముందుకు జారిపోతోంది. ఎంత లాగి పెట్టుకుంటున్నానో అప్పుడు అర్థమైంది.

అరచేతి పరీక్ష మీరూ చేయండి:

- మంచం పక్కన నిలబడండి (కింద పడితే మెత్తగా పడాలి).
- ఎడమ అరచేయి మీద ట్రంపెట్ ఆనించండి, వేళ్ళు ముడవొద్దు.
- స్టాఫ్ మధ్యలో ఉన్న జి, తర్వాత సి, ఇ, పై జి మెల్లగా (చిన్న శబ్దంతో) వాయించండి.
- ఎక్కడ ఆగిపోతుందో రాసుకోండి. నెలకోసారి మళ్ళీ చూడండి.

ఈ పద్ధతిలో హై సి రాకపోయినా కంగారు పడొద్దు. పై జి దాకా పలికితే చాలు. ఒత్తిడి అసలు లేకుండా ఎవరూ వాయించరు. పెదవిలో రక్తం ఆగిపోకుండా ఉంటే చాలు. కుడిచేతి చిటికెన వేలు మాత్రం ట్రంపెట్ మీదుండే హుక్కులోంచి తీసేసి దాని పైన పెట్టుకోండి. హుక్కు దొరికితే లాగుతాం, అది మనిషి స్వభావం.

6. నాలుక

ఇక్కడ తెలుగువాళ్ళకు పని సులువు. "ఆ, ఊ, ఈ" అని వరసగా అనండి. నాలుక వెనక భాగం ఎలా పైకి లేస్తోందో గమనించండి. కింది స్వరాలకు "ఆ", స్టాఫ్‌లో "ఊ", పై జి నుంచి "ఈ". హై సి దాటాక "ఈ" కూడా చాలదు. పాము బుసలా "ఇస్స్" అనేటప్పుడు నాలుక ఎక్కడుంటుందో అక్కడికి చేరాలి. నాలుక లేస్తే దారి ఇరుకై గాలి ధార సన్నబడుతుంది.

సాధన: ట్రంపెట్ లేకుండా "ఆ-ఈ-ఆ-ఈ" అని గుసగుసగా ఊదండి. చేతిని నోటి ముందు పెట్టుకుంటే "ఈ"కి గాలి చల్లగా, సన్నగా తగులుతుంది. ఆ చల్లదనాన్నే ట్రంపెట్‌లోకి తీసుకెళ్ళాలి.

డబుల్ టంగింగ్‌కి (నాలుకతో స్వరాలను త్వరత్వరగా విడగొట్టడం) "తక తక", ట్రిపుల్‌కి "తకిట తకిట". మృదంగం క్లాసుకు వెళ్ళిన పిల్లలు ఇక్కడ అమెరికన్ పిల్లలకంటే నెల ముందుంటారు. పై స్వరాలలో "త" పలికేటప్పుడు నాలుక మొనతో చిన్నగా తాకి వదిలేయాలి. "ట" అని నాలుక మడిస్తే స్వరం చిట్లుతుంది.

7. రోజూ గంట: ఏది ముందు, ఏది వెనక

మా ఊళ్ళో పెళ్ళి ఊరేగింపుకి వచ్చే బ్యాండ్ మేళంలో ట్రంపెట్ ఆయన రాత్రి పదింటి నుంచి తెల్లవారేదాకా వాయించేవాడు. చెంపలు బూరెల్లా పొంగేవి. (అది మాత్రం నేర్చుకోవద్దు.) ఆయన పల్లవి వాయించి ట్రంపెట్ దించేసేవాడు. చరణం క్లారినెట్ ఎత్తుకునేది. మళ్ళీ పల్లవికి ఈయన. చిన్నప్పుడు బద్ధకం అనుకున్నాను. ఆ రాత్రంతా పెదవి నిలిచిందంటే ఆ దించడం వల్లే. ఎంతసేపు వాయించారో అంతసేపు విశ్రాంతి, పై స్వరాల సాధనకు ఇంతకంటే పెద్ద సూత్రం లేదు.

0–5 నిమిషాలు: ట్రంపెట్ లేకుండా గాలి (4వ భాగం).

5–12: కింది, మధ్య స్వరాలు, వీలైనంత మెల్లగా. శబ్దం మొదలైనట్టే తెలియకుండా మొదలవాలి. "ఫూ" అని గాలితో మొదలుపెట్టండి, నాలుక వద్దు.

12–22: పెదవి స్లర్లు (నాలుక తాకకుండా ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారడం). వాల్వు మార్చకుండా కింది సి – జి – సి, తర్వాత జి – సి – ఇ – జి. ఇదే క్రమాన్ని ఏడు వేళ్ళ స్థానాల్లోనూ చేయండి: ఏదీ నొక్కకుండా, 2, 1, 1-2, 2-3, 1-3, 1-2-3 (అంకెలు వాల్వులవి). మెట్రోనోమ్ 60 దగ్గర మొదలుపెట్టండి. స్వరం మారేచోట మౌత్‌పీస్ కదులుతోందా అని అద్దంలో చూసుకోండి.

22–27: ట్రంపెట్ కింద పెట్టేయండి. ఫోన్ చూసుకోండి, నీళ్ళు తాగండి.

27–37: మెల్లగా పైకి. జి స్కేల్, ఎ-ఫ్లాట్ స్కేల్, ఎ స్కేల్ అలా అర్ధస్వరం చొప్పున ఎక్కుతూ, అన్నీ చిన్న శబ్దంతో. ఆగిపోయిన చోట రెండుసార్లు ప్రయత్నించండి. మూడోసారి వద్దు.

ఇక్కడ కాసేపు ఆగాలి. పిల్లలు ఎక్కువగా పాడుచేసుకునేది ఈ పది నిమిషాలే. చిన్న శబ్దంతో మెల్లగా వాయిస్తే పెదవుల మధ్య సందు చిన్నగా ఉంటుంది. పై స్వరానికి కావాల్సింది ఆ చిన్న సందే. అరిచినట్టు వాయిస్తే సందు తెరుచుకుంటుంది, దాన్ని మూయడానికి మౌత్‌పీస్ నొక్కుతాం. మెల్లగా పలికిన సి ని తర్వాత పెద్దది చేయొచ్చు. అరిచి పట్టుకున్న సి ని చిన్నది చేయడం చాలా కష్టం.

37–42: విశ్రాంతి.

42–52: షో ఫ్రేజ్ ఒకటి, ఎనిమిది బార్లు మించకుండా. ముందు ఒక స్థాయి కింద వాయించండి, పాడండి, అప్పుడు రాసినచోట, అసలు శబ్దంతో. నాలుగుసార్లు, ప్రతిదానికీ మధ్య ఒక నిమిషం.

52–60: కిందికి దిగండి. కింది సి నుంచి ఎఫ్-షార్ప్ దాకా, పెదాలు గుర్రం తుమ్మినట్టు వదులుగా ఆడించండి.

వారంలో రెండు రోజులు గట్టిగా, వాటి మర్నాడు తేలిగ్గా, ఒకరోజు పూర్తిగా సెలవు. గట్టిగా వాయించిన మర్నాడు మళ్ళీ గట్టిగా వాయించడమే హద్దు పెరగకపోవడానికి మామూలు కారణం. అర్ధస్వరం పెరగడానికి కొందరికి వారం పడుతుంది, కొందరికి నెల. పక్కవాడితో పోల్చుకుంటే టెన్షన్ తప్ప ఏమీ రాదు.

8. మైదానంలోకి

గదిలో కుదిరినదాన్ని కాళ్ళ మీదికి తేవడానికి వరస ఇది. ఒక మెట్టు కుదిరేదాకా పైమెట్టుకు వెళ్ళొద్దు.

(అ) నిలబడి, ట్రంపెట్ కొంచెం పైకెత్తి (చాలా కోర్లు అడ్డగీతకు పైన పది డిగ్రీల దాకా అడుగుతాయి). తల వెనక్కి వంచకుండా ట్రంపెట్ లేపాలి. తల వెనక్కి వాలితే గొంతు మూసుకుపోతుంది.

(ఆ) ఉన్నచోటే కాళ్ళు కదుపుతూ, మెట్రోనోమ్ 120 వేగంతో.

(ఇ) ముందుకు నడుస్తూ. ఐదు గజాలకు ఎనిమిది అడుగులు, అంటే అడుగుకు 22.5 అంగుళాలు.

(ఈ) వెనక్కి, మడమలు నేలకు తాకకుండా. బరువు వెనక్కి పోయి పొట్ట బిగుస్తుంది, పై స్వరాలు ఎక్కువగా ఊడిపోయేది ఇక్కడే.

(ఉ) పక్కకు జరుగుతూ. కాళ్ళు ఒకవైపు, నడుము పైభాగం ప్రేక్షకులవైపు. ఆ మెలికలో పక్కటెముకలు తెరుచుకోవు, కాబట్టి గాలి ముందే తీసుకోవాలి.

(ఊ) ముప్పై సెకన్లు పరుగెత్తి, వెంటనే ఫ్రేజ్. ఇది వారానికి రెండుసార్లు చాలు.

ప్రతి మెట్టులోనూ ముందు ట్రంపెట్ లేకుండా పాడుతూ నడవండి. గొంతు అడుగు అడుగుకీ వణికితే ట్రంపెట్ కూడా వణుకుతుంది. గాలి తీసుకునే లెక్కని డ్రిల్ కాగితం (మైదానంలో ఎప్పుడు ఎక్కడుండాలో చెప్పేది) మీదే పెన్సిల్‌తో గుర్తుపెట్టుకోండి: "32వ లెక్క, ఎడమకాలు, గాలి". కాలికీ గాలికీ ముడిపడితే షోలో ఆలోచించక్కర్లేదు.

ఎండలో శ్రుతి పైకి పోతుంది. పొద్దున 20 డిగ్రీల దగ్గర కుదిరిన ట్రంపెట్ మధ్యాహ్నం 35 దగ్గర స్పష్టంగా షార్ప్ అవుతుంది. దాన్ని పెదవితో కిందికి లాగకుండా ట్యూనింగ్ స్లైడ్ బయటికి లాగండి. విశ్రాంతిలో ట్రంపెట్‌ని ఎండలో గడ్డి మీద వదిలేస్తే మౌత్‌పీస్ పెదవిని చురుక్కుమనిపిస్తుంది.

నీళ్ళు దాహం వేసేదాకా ఆగి తాగొద్దు. ఉప్పు వేసిన నిమ్మరసం బాగా పనిచేస్తుంది. పెదవి పగిలిన రోజు మాత్రం ఆవకాయ జోలికి పోకండి. అమ్మ సీసా కట్టి పంపినా సరే.

9. సెక్షన్‌లో మీ చోటు

పై స్వరాలకు దానంతటదే దూసుకుపోయే గుణం ఉంది. మన చెవి ఎక్కువగా పట్టుకునే ప్రాంతంలోనే వాటి మెరుపంతా ఉంటుంది కాబట్టి, హై డి కి మీరు కింది స్వరంకంటే ఎక్కువ శబ్దం పెట్టక్కర్లేదు. కింద ట్యూబాలు, బారిటోన్లు వేసిన నేల మీద మీరు నిలబడతారు. నేల వినపడకపోతే మీరు ఎక్కువ వాయిస్తున్నట్టు.

- లీడ్ భాగం ఇద్దరు ముగ్గురు కలిసి వాయిస్తుంటే ఎవరు ఎక్కడ గాలి తీసుకోవాలో ముందే పంచుకోండి.
- రిహార్సల్‌లో ప్రతి రన్‌కీ (షోని ఆపకుండా వాయించే ప్రతిసారీ) పై స్వరం కొట్టక్కర్లేదు. "ఈసారి ఒక స్థాయి కింద వాయిస్తాను" అని సెక్షన్ లీడర్‌కి చెప్పి వాయించండి. చెప్పకుండా మాత్రం వద్దు.
- పెదవి ఐపోయిందనిపిస్తే ఆ బార్ వదిలేసి తర్వాతి బార్‌లో కలవండి. ఒక మనిషి ఆగితే ఎవరికీ తెలియదు. ఒక మనిషి చిట్లిస్తే స్టేడియం పైనుండే ప్రెస్ బాక్స్ దాకా వినిపిస్తుంది.

ఆడిషన్‌కీ ఇదే వర్తిస్తుంది. అడిగితే తప్ప పై స్వరం చూపించకండి. అడిగితే పదికి తొమ్మిదిసార్లు పలికేదాన్నే చూపించండి. సెలెక్ట్ చేసేవాళ్ళు స్కేల్స్, లయ, శుభ్రమైన సౌండ్, చెప్పింది వెంటనే మార్చుకునే గుణం చూస్తారు. పొట్టిగా అరిచిన జి ఒకటి వాళ్ళని కదిలించదు.

10. తరచుగా వచ్చే తప్పులు, సరిచేసే దారి

పైకి వెళ్ళేకొద్దీ సౌండ్ సన్నబడి ఆగిపోతోంది. పెదాలు చిటికేసినట్టు మూసుకుంటున్నాయి. "ఫూ"తో మొదలుపెట్టి, నాలుక లేకుండా అదే స్వరం పలికించండి. పలకకపోతే మూడు స్వరాలు కిందికి వచ్చి మళ్ళీ మొదలుపెట్టండి.

గాలి పోతోంది, స్వరం లేదు. పెదాలు కలవడం లేదు. వార్మప్ చాలలేదు, లేదా నిన్న ఎక్కువైంది. రెండోదైతే ఈరోజు సాధన పది నిమిషాలే.

డి కొడితే ఇ పలుకుతోంది. పాడలేదు. ఒక స్థాయి కింద పాడి, మూడు లెక్కలు మనసులో మోగించి వాయించండి.

ఒకేసారి రెండు స్వరాల్లా గరగర. పెదాలు రెండూ ఒకే వేగంతో ఆడడం లేదు, ఎక్కువగా అలసటతో వస్తుంది. విశ్రాంతి తీసుకుని మధ్య స్వరాలు మెల్లగా వాయించండి. రెండు రోజులు కిందే ఉండండి.

పొద్దున పలుకుతోంది, సాయంత్రం లేదు. వార్మప్‌లోనే పెదవిని ఖర్చు పెట్టేస్తున్నారు. పొద్దున వార్మప్‌లో పై జి దాటకండి.

మెడ ఉబ్బుతోంది, ముఖం కందగడ్డలా ఎర్రబడుతోంది. గొంతు బిగుస్తోంది. గాలి తిరిగే చోట ఆగుతున్నారేమో చూడండి (4వ భాగంలో ఆ).

కళ్ళు తిరుగుతున్నాయి. ఛాతీలో ఒత్తిడి ఎక్కువై రక్తం గుండెకు తిరిగి రావడం తగ్గినప్పుడు ఇలా అవుతుంది. వెంటనే ఆపి కూర్చోండి. ఎండలో మోకాళ్ళు బిగించి నిలబడి పై స్వరం పట్టుకోవడం పడిపోవడానికి దగ్గరి దారి. మోకాళ్ళు ఎప్పుడూ కొంచెం వదులుగా ఉండాలి.

11. ఆపాల్సిన సమయం

అలసట వేరు, నొప్పి వేరు. అలసట రాత్రి నిద్రతో పోతుంది. కింది మూడింట్లో ఏది కనిపించినా ట్రంపెట్ పక్కన పెట్టి సిబ్బందికి చెప్పండి:

- పెదవిలో ఒకేచోట పోటు, లేదా ఏదో తెగినట్టు అనిపించడం
- వాపు రెండో పొద్దునకి కూడా తగ్గకపోవడం
- పెదవిలో కొంత భాగం మొద్దుబారడం

పెదవి చుట్టూ ఉండే కండరం నిజంగా చిరగగలదు. నొప్పి మాత్ర వేసుకుని షో వాయించేస్తే నొప్పి చెప్పే మాట వినకుండా తలుపు వేసుకున్నట్టే. అమ్మానాన్నలకు ఒక మనవి: పిల్లలు ఈ సంగతి ఫోన్‌లో చెప్పరు, భాగం పోతుందని భయం. "ఈ వారం ఏ భాగం వాయిస్తున్నావు?" అని అడగండి. జవాబు ఆలస్యమైతే అర్థం చేసుకోండి.

12. షో రోజు

- పొద్దున లేచిన గంట తర్వాతే మొదటి స్వరం. ముందు నీళ్ళు.
- పొద్దున రిహార్సల్‌లో పై స్వరాలు సగం శబ్దంతో, ఒక్కసారి.
- మధ్యాహ్నం రన్‌లో లీడ్ భాగం ఒక స్థాయి కింద (సిబ్బంది ఒప్పుకుంటే).
- తిండి షోకి రెండున్నర, మూడు గంటల ముందు. కడుపు నిండా వద్దు, గాలికి చోటుండాలి.
- గేటు దగ్గర చివరి వార్మప్: స్లర్లు, ఒక మెల్లని సి, షో మొదటి ఫ్రేజ్. పై స్వరం ఉందో లేదో చూద్దామని ఇక్కడ కొట్టకండి. పార్కింగ్ లాట్‌లో చుట్టూ గుమిగూడిన జనం చప్పట్లు కొడతారు, ఆ చప్పట్లకి రెండు డబుల్ జి లు (పై జి కి ఒక స్థాయి పైది) ఖర్చయితే లోపల చివరి స్వరానికి ఏమీ మిగలదు.
- గేటు నుంచి మైదానానికి నడిచేటప్పుడు మౌత్‌పీస్ తీసి గుప్పెట్లో పట్టుకోండి, వెచ్చగా ఉంటుంది.
- షో ఐపోయాక బస్సెక్కే ముందు రెండు నిమిషాలు కింది స్వరాలు. అందరూ ఫోటోలకు పరుగెత్తుతుంటారు, మీరు బస్సు వెనక నిలబడి కింది సి, బి, బి-ఫ్లాట్ మెల్లగా దించుకుంటూ రండి.